బండికి సీల, ఒంటికి బి-విటమిన్

బిలాస్‌పూర్ చెంత కోనిలో నివాసం ఏర్పరచుకున్న నాటినుండి అరపా నది వైపు సాయంకాలపు నడక మాకు అలవాటు. రెండేళ్ళ క్రితం నడుస్తుండగా అరికాళ్ళు మొద్దుబారసాగాయి. రక్తహీనత కాబోలునని మాకు మేమే నిర్ణయించుకొని ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఆరంభించాము. భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల 1945లో కృత్రిమంగా రూపొందించిన మందు కదా అన్న అభిమానమూ తోడయింది. నీరసం తగ్గింది, తిమ్మిరి మాత్రం పెరిగింది.

పరీక్షలో లోపం బి-12 దని తేలింది. మధుమేహానికి ఏళ్ళ తరబడి వాడిన మెట్‌ఫార్మిన్, మా శాకాహారం ఇందుకు కారణాలని వైద్యులు చెప్పారు.

దేహంలోని రసాయన చర్యలను నడిపేవి ఎంజైములు. పెద్ద చక్రాన్ని చిన్న సీల నిలిపినట్లు, వాటిలో అనేకాన్ని బి-విటమిన్ల నుండి ఏర్పడే సహకారకాలు పనిచేయిస్తాయి. బి-1 ఆహారం నుండి శక్తిని వెలికితీయటానికి, ఫోలేటు కొత్త కణాల డి.ఎన్.ఏ. నిర్మాణానికి తోడ్పడతాయి. వాడుకైన ఫోలేటును మళ్ళీ పనిలోకి తెచ్చేది బి-12; నరాల తొడుగును కాపాడేదీ అదే. బి-12 కొరవడినప్పుడు ఫోలిక్ ఆమ్లంతో రక్తం కోలుకోవచ్చును గాని, ఇన్సులేషన్ ఊడుతున్న తీగవలె నరాలు చెడుతూనే ఉంటాయి.

కారణం తెలియకుండా యంత్రభాగం మార్చరాదని ముప్పై ఏళ్ళుగా కిందివారికి బోధించిన మేము, మా దేహం విషయంలో ఆ మాట మరచాము. ఇంజక్షన్లతో తిమ్మిరి చాలావరకు పోయింది. ఎడమకాలి బొటనవేలికి మాత్రం స్పర్శ నేటికీ పూర్తిగా రాలేదు. సోదర ఉద్యోగులారా, మాత్రకు ముందు పరీక్ష మరువకండి.