రామాలయం అరుగు మీద రాత్రి బడి

మా చిన్నప్పుడు సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో వచ్చేది. మూల పళ్లతో కొరికి తాగేసి, ఖాళీది కాలవగట్టున పడేసేవాళ్లు. మేం వాటిని ఏరి, నీళ్లు నింపి ఒకరి మీద ఒకరం చిమ్ముకునేవాళ్లం. 1992 నాటి నెల్లూరు జిల్లా అది. మంచినీళ్లకు బిందెలతో చాలా దూరం నడిచే మా ఊరికి సారా మాత్రం గుమ్మం దాకా వచ్చేది. నాట్ల కూలి డబ్బులు ఇంటికి రాకముందే కొట్టులో ఆగిపోయేవి.

అంతకు ముందు ఏడు, 1991లో, జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. మా ఊరి రాత్రి బడి రామాలయం అరుగు మీద. ఇంటరు చదివిన మా వీధి అక్క టీచరు, జీతం లేని టీచరు. అన్నాలయ్యాక ఆడవాళ్లు పలకలు చంకన పెట్టుకొని వచ్చేవాళ్లు. అమ్మ పక్కన కూర్చొని తప్పులు దిద్దబోతే "నోరు మూసుకో పంతులూ" అనేది.

వాచకంలో దూబగుంట పాఠం వచ్చింది. 'ఆడవాళ్లు ఏకమైతే' అని దాని పేరు. కలిగిరి మండలంలోని ఆ పల్లెలో ఆడవాళ్లంతా కలిసి సారా కొట్టు మూయించిన కథ. మావాళ్లు కూడబలుక్కుంటూ చదివారు. అయిపోయాక ఎవరూ లేవలేదు. "కలిగిరంటే మా మేనత్తోళ్ల వైపే గదా" అంది ఒకామె. సారా చెడ్డదని అధికార్లు వచ్చి ఎన్నిసార్లు చెప్పలేదు! విని, వక్కాకు వేసుకొని పొయ్యేవాళ్లు. ఇప్పుడు ఆ మాట కూలికి పొయ్యే ఆడవాళ్ల నుంచి వచ్చింది. అక్కడ ముందు నిలబడిన దూబగుంట రోశమ్మ మా ఊరికి రాలేదు, ఆమె ముఖం కూడా మావాళ్లు చూడలేదు. అయినా ఆమెకు చేతనైంది మనకెందుకు కాదన్న పంతం పట్టుకుంది.

మా ఊళ్లో ముందు నడిచింది పెద్దమ్మ. గొంతు పెంచి ఎరగదు. ఇంటింటికీ పోయి, "రేపు పొద్దున కొట్టు కాడ నిలబడాల. నువ్వేం మాట్లాడొద్దు, నేను మాట్లాడతా" అనేది. ఉపన్యాసం లేదు. భయపడేవాళ్లను అంత చిన్న పని అడగడంలోనే ఆమె తెలివంతా ఉంది. నోరున్నామెకు వాదించే పని, మొగుడంటే వణికే ఆమెకు మిగతావాళ్ల పిల్లల్ని చూసుకొనే పని. ఇప్పుడు మా ఆఫీసు శిక్షణ తరగతుల్లో నాయకత్వ లక్షణాలని బోర్డు మీద వరసగా రాస్తుంటే, వీళ్లు మా పెద్దమ్మను చూసుంటే సగం చెరిపేసేవాళ్లే అనిపిస్తుంది.

పొద్దున్నే చీపుర్లతో, కొంగున కారప్పొడి మూటలతో వెళ్లారు. కొట్టు దగ్గరే ఉన్న మా నాన్న అమ్మను చూసి, అటుగా ఏదో పని మీద వచ్చినవాడిలా వెనక్కి తిరిగాడు. కొట్టువాడి మొదటి తిట్టు పెద్దమ్మ తిన్నది. రెండోదానికి నలుగురు ఆమె ముందుకొచ్చి నిలబడ్డారు. తలుపు పడింది. మళ్లీ తెరిచారు, మళ్లీ మూయించారు. రాత్రుళ్లు వంతులేసుకొని కాపలా కాశారు.

నెల్లూరులో సారా వేలంపాటను ఆడవాళ్లు సాగనివ్వంది ఆ 1992లోనే. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. ఈలోపు, సారా ఉద్యమం వెంటే జిల్లాలో పుట్టిన పొదుపు సంఘాలు మా ఊరికీ వచ్చాయి. రోజుకో రూపాయి. లెక్కల పుస్తకం అమ్మ చేతికొచ్చింది.

నిషేధం సడలాక, ఊరి మొదట్లో వైన్ షాపు పెడతారని తెలిసిన రోజున పెద్దమ్మ నేరుగా మా ఇంటికొచ్చింది. "కలెక్టరుకు అర్జీ రాయాల. కాగితం తియ్యమ్మాయ్" అంది అమ్మతో. అప్పటికి నేను హైస్కూల్లో ఉన్నాను. "నేను రాసిస్తా పెద్దమ్మా" అన్నాను.

"మీ అమ్మ రాస్తాది. నువ్వు పోయి స్టాంపు పట్టుకురా పో" అంది.