రెండో పాయింటు

నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు: "పాఠం బాగా చెప్తారు కదా మేడమ్, ఆ ఫైళ్ళ గొడవ మీకెందుకొచ్చింది?" అని. అడిగేవాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు, మనం బాగుపడకూడదని కోరుకునేవాళ్ళూ ఉన్నారు. రెండో రకానికి నేను జవాబుదారీ కాదు. ఇది మొదటి రకం కోసం.

మాది గుంటూరు జిల్లాలో కాలవ కింద ఊరు. అమ్మ నాట్లకూ కోతలకూ పోయేది. కళ్ళంలో కూలి గింజలు కొలిచేటప్పుడు కామందు మనిషి కుంచం అంచుదాకా పోసి పైన చేత్తో గీసేవాడు. అదే కామందుకు రావాల్సింది కొలిస్తే గోపురంలా పైకి పోసేవాడు. అమ్మకు అంకెలు రాయటం రాదు, లెక్క మాత్రం వచ్చు. ఎంత పోయిందో ఇంటికొచ్చి వేళ్ళ కణుపుల మీద చెప్పేది. అందుకే నేను లెక్కలు చదివానంటే కథలాగుంటుంది. అసలు సంగతి వేరే. హాస్టల్లో సైన్సు రికార్డులు కొనటానికి డబ్బుల్లేవు, లెక్కలకు ప్రాక్టికల్స్ లేవు.

1991 ఆగస్టు 6న చుండూరులో మనోళ్ళను నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేసినప్పుడు నేను ఎమ్మెస్సీ. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఒక విశ్వవిద్యాలయం సొంత కాలేజీలో బ్యాక్‌లాగ్ పోస్టులో చేరాను. బ్యాక్‌లాగ్ అంటే మనకు ఇవ్వాల్సి ఉండీ ఏళ్ళ తరబడి ఇవ్వకుండా ఉంచుకున్న ఉద్యోగం. పిల్లల భాషలో మాత్రం తప్పిన పేపరు. స్టాఫ్‌రూములో నన్ను "బ్యాక్‌లాగ్ మేడమ్" అనేవాళ్ళు ఈ రెండో అర్థంలోనే అనేవాళ్ళు. క్లాసులో ఆ పేరు వారం కూడా నిలవలేదు. సుద్దముక్క పట్టుకున్నాక కులం అడగటానికి వాళ్ళకు తీరిక ఇవ్వలేదు నేను.

యూనివర్సిటీలో మనకని కొన్ని కుర్చీలుంటాయి. హాస్టల్ వార్డెన్, ఎస్సీ ఎస్టీ సెల్, అంబేద్కర్ జయంతి కమిటీ. రిజిస్ట్రారు, పరీక్షల విభాగం, ఖజానా వైపు చూడనివ్వరు. నాకు మొదట వార్డెన్‌గిరీ అంటగట్టారు. స్కాలర్‌షిప్పులు ఆగిపోయి మెస్ బకాయిలు పెరిగిన ఏడాది, పొద్దున డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చెప్పిన పిల్లలే మధ్యాహ్నం నా పేరు పెట్టి నినాదాలిచ్చారు. పెద్దాఫీసులో ఒకాయన మెత్తగా అన్నాడు: "మీవాళ్ళకు మీరే నచ్చజెప్పుకోవాలమ్మా." ఆ కుర్చీ నాకెందుకిచ్చారో అప్పుడు బోధపడింది. మెస్ మూసేస్తున్నట్టు నోటీసు సంతకానికి వచ్చింది. పెట్టలేదు. ఎందుకు పెట్టనో ఫైలు మీదే రాశాను. వారంలో కుర్చీ పోయింది, మెస్ మాత్రం మూతపడలేదు.

తర్వాత సెల్ బాధ్యత ఇచ్చారు, అక్కడైతే పని ఉండదని. నేను రోస్టర్ రిజిస్టరు అడిగాను. రావటానికి మూడు వారాలు పట్టింది. బీరువా తాళం ఉన్నాయన ఎప్పుడూ సెలవే.

ఆ రిజిస్టరు సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. మన రాష్ట్ర రోస్టరులో 100 పాయింట్లు. అందులో ఎస్సీలకు 15, ఎస్టీలకు 6. వర్గీకరణకు ముందరి వరసలో 2, 7, 16 ఎస్సీలవి, 8 ఎస్టీలది. ఒకటి ఓపెన్. ప్రొఫెసరు పోస్టులకు శాఖకొక రిజిస్టరు తెరిచారనుకోండి. ప్రతి రిజిస్టరూ ఒకటితోనే మొదలవుతుంది. ఒక్క ప్రొఫెసరు పోస్టే ఉన్న శాఖలో రెండో పాయింటు ఏ జన్మకొస్తుంది? అలాంటి శాఖలు 20 ఉంటే 20 పోస్టులూ ఓపెనే. అవే 20 పోస్టుల్ని ఒకే వరసలో పెట్టి చూడండి, మూడు ఎస్సీలకూ ఒకటి ఎస్టీలకూ రావాలి. ఇక్కడ ఎవరూ కులం పేరెత్తి తిట్టలేదు. కుంచం మీద చేత్తో గీశారు, అంతే.

ఈ లెక్క నోట్‌గా రాసి పెట్టాను. "మాట్లాడండి" అని రాసి వెనక్కి పంపారు. మాట్లాడాను. మళ్ళీ పెట్టాను. ఫైలు పని క్లాసును మింగకుండా నా క్లాసు పొద్దున ఏడున్నరకే పెట్టుకున్నాను. ఆ ఏళ్ళలో నా తోటివాళ్ళు పేపర్లు రాశారు, నేను నోట్లు రాశాను. ప్రమోషన్లలో నోట్లకు మార్కుల్లేవు. మూడేళ్ళకు ఉమ్మడి వరసలో నోటిఫికేషన్ వచ్చింది. దాని వెనకే కోర్టు స్టే కూడా వచ్చింది.

బాబాసాహెబ్ 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరారు. 1935లో అక్కడి ప్రభుత్వ లా కాలేజీ ప్రిన్సిపాల్ అయ్యారు. పాఠం మనకు, ఆఫీసు వాళ్ళకు అనే పంపకం ఆయన ఒప్పుకోలేదు. మనమెందుకు ఒప్పుకోవాలి?

నా బీరువాలోని లెక్కే తర్వాత దేశం మీద పడింది. శాఖనే యూనిట్‌గా తీసుకోవాలని 2017లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. 2018 మార్చిలో యూజీసీ అదే సర్క్యులర్ ఇచ్చింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. ఆ వారం నేను మాత్రికలు ఆపి బోర్డు మీద 13 గళ్ళు గీశాను. 4, 8, 12 ఓబీసీ. 7 ఎస్సీ. ఎస్టీలది 14. వెనక బెంచీ సుగాలీ పిల్ల లేచి, "13 గళ్ళలో 14 ఎక్కడుంది మేడమ్?" అంది. పదమూడుమందిలో ఒకరు దిగిపోతే వస్తుందన్నాను. "పదమూడుమంది ఉన్న డిపార్టుమెంటు మనకేదీ?" అంది. ముప్పయ్యేళ్ళ సర్వీసులో నన్ను ఇంత సూటిగా ప్రశ్న అడిగిన కమిటీ లేదు. దేశమంతా రోడ్డెక్కాక ఆ మార్చిలో ఆర్డినెన్సు, జూలైలో చట్టం వచ్చాయి. కేంద్ర సంస్థలకు సంస్థే యూనిట్ అయింది. చట్టం కేంద్ర సంస్థలకే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎవరి రిజిస్టరు వాళ్ళే తెరిపించుకోవాలి.

ఎలాగంటే, 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. "రిజర్వేషన్లు అమలవుతున్నాయా" అని అడగొద్దు, "అవును" అని ఒక్క ముక్క రాస్తారు. కేడరు వారీగా రోస్టర్ రిజిస్టరు నకలు అడగండి. ఏ పాయింటు మీద ఎవరిని ఏ తేదీన తీసుకున్నారో అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. నేను రిటైరయ్యాక మా దగ్గర అలా అడిగింది ఆ పద్నాలుగో పాయింటు పిల్లే. 29వ రోజున మూడు పేజీలొచ్చాయి. రెండో పేజీ జిరాక్సులో సగం నల్లగా ఉంది. మొన్న అప్పీలు వేసింది.