లంబసింగిలో మంచు పడుతుందా?

సంక్రాంతి సెలవులిచ్చారో లేదో పిల్లల ప్రశ్నలు మొదలు. ‘లంబసింగిలో మంచు పడుతుందా? బొమ్మ చేసుకోవచ్చా?’ అబ్బే, కశ్మీరులోలా ఇక్కడ మంచు కురవదు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో కనిపించేది పొగమంచు. చలి మరీ ముదిరిన రాత్రుల్లో మాత్రం గడ్డిపరకల మీది నీటి బొట్లు గడ్డకడతాయి. ఈ ఊరికి కొర్రబయలు అనీ పేరు. ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతారని అర్థమట!

‘మధ్యాహ్నం వెళ్తే?’ చాలామంది చేసే పొరపాటదే. ఎండెక్కితే అదీ మామూలు ఊరే. ముందురోజు నర్సీపట్నంలో పడుకుని, చీకటుండగానే బయల్దేరండి. అక్కడినుంచి ముప్ఫై కిలోమీటర్లు, చివర్లో ఘాట్ మలుపులు. చెరువులవేనం కొండెక్కితే మబ్బులు కాళ్లకిందే తేలుతుంటాయి. కాకపోతే పండగ రోజుల్లో మబ్బులకన్నా కార్లే ఎక్కువ. గుడారాల్లో రాత్రి గడపడం సరదాయే కానీ, పసిపిల్లలుంటే వద్దు.

‘మరి అమ్మమ్మ వాళ్లూరు?’ భోగిమంట అక్కడే వేయండి. కనుమనాడు కాకైనా కదలదంటారు కదా, ఆ మర్నాడు కదలండి. మంకీక్యాపులు పెట్టుకోమంటే పిల్లలు ముందు ససేమిరా అంటారు. సంచిలో పడేయండి, ఘాట్ సగం ఎక్కేలోపు వాళ్లే అడుగుతారు.