తడుముకోని జవాబు

గణాంకశాస్త్రపు పాఠ్యపుస్తకం పడక్కుర్చీలో వాలి చదివేది కాదు. పక్కన కంప్యూటరు ఉండాలి. పుస్తకంలో అచ్చయిన ఆజ్ఞను టైపు చేసి, ఎంటర్ నొక్కి, అచ్చులో ఉన్న అంకెలే మనకూ వచ్చాయో లేదో ఆఖరి దశాంశం దాకా సరిచూసుకోవాలి. వస్తే భలే సంతోషం. పాఠం వచ్చేసిందనిపిస్తుంది. అప్పటికి వచ్చింది టైపు చెయ్యడమే.

ఇలా కూర్చుని నేర్చుకోవడానికి జూలియన్ ఫారవే రాసిన 'ఎక్స్‌టెండింగ్ ద లీనియర్ మోడల్ విత్ ఆర్' మంచి పుస్తకం. మొదటి కూర్పు 2006లో వచ్చింది. సరళరేఖ రిగ్రెషన్ ఒంటబట్టినవాళ్ల కోసం రాసింది. ఎత్తు, బరువు, దిగుబడి లాంటివాటికి సరళరేఖ సరిపోతుంది. 'అవునా, కాదా' అన్న ప్రశ్నకూ అదే రేఖ గీస్తే సంభావ్యత సున్నా కిందికీ ఒకటి పైకీ నిస్సిగ్గుగా పోతుంది. 1972లో నెల్డర్, వెడర్‌బర్న్ ఈ రకరకాల ప్రశ్నలన్నిటినీ ఒకే చట్రంలోకి తెచ్చారు. ఆర్ భాషలో ఆ చట్రం ఎంత సులువైపోయిందంటే, సరళరేఖ గీసే పాత 'ఎల్‌ఎమ్' ఆజ్ఞ ముందు ఒక 'జి' తగిలించి, డేటాది ఏ కుటుంబమో చెబితే చాలు. రెప్పపాటులో జవాబు. ఆ సులువుతోనే నాకు పేచీ.

గలాపగోస్ దీవుల పాఠం చూడండి. మొత్తం 30 దీవులు. ఒక్కోదాని మీద ఎన్ని జాతుల మొక్కలున్నాయో లెక్క. దాన్ని వివరించడానికి ఐదు కొలతలు: దీవి విస్తీర్ణం, దాని ఎత్తు, దగ్గరి దీవికి దూరం, సాంతా క్రూజ్ దీవికి దూరం, పక్క దీవి విస్తీర్ణం. లెక్కపెట్టిన సంఖ్యలు కనక పాయిసాన్ మోడల్. నొక్కగానే ఐదింటికీ మూడేసి నక్షత్రాలు! ఇంత సంబంధం కాకతాళీయంగా కనబడటం చాలా అరుదని ఆర్ వేసే ముద్ర అది. కొత్తవాళ్లకు ఇక్కడే పుస్తకం మూసి టీకి లేవాలనిపిస్తుంది. ఫారవే లేవనివ్వడు. అదే ఫలితం అడుగున ఇంకో అంకె ఉంది: మిగులు డీవియన్స్ 716.85, స్వతంత్రతాంకాలు 24. మోడల్ కుదిరి ఉంటే ఈ రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. సగటు ఎంతో విస్తృతీ అంతేనని పాయిసాన్ సూత్రం ముందే ఒప్పందం రాసుకుంటుంది. దీవులు ఆ ఒప్పందాన్ని ఖాతరు చెయ్యలేదు. లెక్క కట్టి చూస్తే విస్తృతి సుమారు 32 రెట్లు. దాన్ని సరిదిద్దితే ప్రామాణిక దోషాలు ఐదున్నర రెట్లు పెరిగి, రెండు దూరాల పక్కనున్న నక్షత్రాలూ రాలిపోతాయి. మొదటి జవాబిచ్చినప్పుడు ఆర్ చిన్న హెచ్చరికైనా చెయ్యలేదు. అడిగినదానికి చెప్పి ఊరుకుంది.

అన్నట్టు, మోడళ్లను పోల్చే 'అనోవా' ఆజ్ఞలో పరీక్ష పేరుగా 'రావ్' అని రాయొచ్చు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లిన మన కల్యంపూడి రాధాకృష్ణారావే. ఆ స్కోర్ పరీక్ష 1948 నాటిది. ఆ పేరు టైపు చేస్తుంటే కలిగే ఆనందానికి రిగ్రెషన్‌తో ఏ సంబంధమూ లేదు, అయినా కలుగుతుంది.

ఇంకా గట్టి పాఠం ఛాలెంజర్‌ది. 1986 జనవరి 28న ఏడుగురిని బలిగొన్న వ్యోమనౌక. రాకెట్ కీళ్ల దగ్గర వేడి వాయువులను బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచాల్సిన రబ్బరు ఉంగరాలు చలికి బిగుసుకుపోయాయి. అంతకుముందరి 23 ప్రయోగాల డేటా పుస్తకంలో ఉంది: ఒక్కో ప్రయోగం రోజున ఉష్ణోగ్రత ఎంత, ఆరు ఉంగరాల్లో ఎన్ని దెబ్బతిన్నాయి. ఛాలెంజర్ ప్రయోగానికి ముందురోజు రాత్రి ఇంజినీర్లు, అధికారులు ఫోన్లో తర్జనభర్జన పడ్డారు. ఉంగరాలు చెక్కుచెదరని ప్రయోగాలను లెక్కలోకి తీసుకోలేదని తర్వాత విచారణ కమిషన్ తప్పుపట్టింది. సున్నాలూ డేటాయే కదా! ఆ సున్నాలన్నీ వెచ్చని రోజులవి. 65 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా చలిగా ఉన్న ప్రతి ప్రయోగంలోనూ ఏదో ఒక ఉంగరం దెబ్బతింది.

మొత్తం డేటాను 'అవునా, కాదా' ప్రశ్నలకు వాడే లాజిస్టిక్ మోడల్‌కు ఇచ్చి, ఛాలెంజర్ ప్రయోగానికి అంచనా వేసిన 31 డిగ్రీల దగ్గర ఒక్కో ఉంగరం దెబ్బతినే సంభావ్యత ఎంతని అడిగితే 0.99 అంటుంది. ఒళ్లు జలదరిస్తుంది. కాని అప్పటిదాకా జరిగిన ప్రయోగాల్లో అన్నిటికన్నా చల్లనిది 53 డిగ్రీలది. అక్కణ్నుంచి 31 దాకా డేటా ఒక్క చుక్కా లేదు, గీత ఒక్కటే సాగిపోయింది. నన్నడిగితే, ఆ 0.99 కన్నా 'ఇంత చలిలో మనం ఎప్పుడూ ఎగరలేదు' అన్న మాటే ప్రయోగం ఆపడానికి గట్టి కారణం. దానికి మోడల్ కూడా అక్కర్లేదు, గ్రాఫు చాలు.

ఆ తర్వాత మిశ్రమ ప్రభావాల మోడళ్లు వస్తాయి. ఒకే రోగిని పదేపదే కొలిచినప్పుడు, ఒకే బడి పిల్లల మార్కులు తీసుకున్నప్పుడు వాడేవి ఇవే. వీటికోసం డగ్లస్ బేట్స్ తన సహచరులతో రాసిన 'ఎల్‌ఎమ్‌ఈ4' ప్యాకేజీ సరళ మిశ్రమ మోడళ్లకు ఇచ్చే ఫలితంలో నక్షత్రాలుండవు, అసలు వాటికి ఆధారమైన పి విలువే ఉండదు. ఇక్కడ స్వతంత్రతాంకాలు ఎన్నని తీసుకోవాలో తేలని సంగతి కాబట్టి బేట్స్ కావాలనే ఇవ్వలేదు. నక్షత్రాలకు అలవాటుపడ్డ విద్యార్థికి మండుకొస్తుంది. వాటిని తెచ్చిపెట్టే మరో ప్యాకేజీ ఉంది. చాలామంది వెంటనే దాన్ని ఎక్కించుకుంటారు.