వెనక్కి తిరగడానికీ డబ్బు దాచుకోవాలి

మా రాజుపాలెం వైపు ఉన్నట్టుండి డబ్బు అవసరమైతే మూడు దారులున్నాయి. ఇంట్లో బంగారం కుదువ పెట్టడానికి ప్రొద్దుటూరు పోవడం, చీటీ పాడుకోవడం, తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకోవడం. నేనూ, మా బడిలో లెక్కలు చెప్పే సారూ ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా నడిచి రావాలని అనుకున్నప్పుడు ఈ మూడింటినీ పక్కన పెట్టాం. మా బావకు ఇది నచ్చలేదు. "రెండు గాజులు పెడితే గంటలో పని అయిపోతాది బామ్మర్దీ. వచ్చినాక నిదానంగా విడిపించుకుందువు. దీనికి ఏడాదిన్నర కాసుకోనుండాల్నా?" అన్నాడు.

కాచుకోవాలనే నా పట్టుదల. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ఆ భారం ఎలాగూ ఉంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వేరే విషయం. అప్పు చేసి కొండకు పోయిన మనిషికి మధ్యలో వెనక్కి తిరగడం కష్టమవుతుంది.

మా ఊరు సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల ఎత్తు కూడా ఉండదు. బేస్ క్యాంప్ 5,364 మీటర్ల మీద ఉంది. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు మనకిక్కడ అందేదాంట్లో దాదాపు సగమే. అందుకే 3,000 మీటర్లు దాటాక ముందు రాత్రి పడుకున్నచోటికన్నా 500 మీటర్లకు మించి పైకి పోయి పడుకోకూడదంటారు. మధ్యమధ్యలో ఆగి, ఒళ్లు ఆ గాలికి అలవాటు పడేదాకా ఉండాలి. నామ్చే బజార్ (3,440 మీటర్లు), డింగ్‌బోచే (4,410 మీటర్లు) దగ్గర అందరూ అదనంగా ఒక రోజు ఆగేది ఇందుకే. ఇంత జాగ్రత్తపడినా కొందరికి తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. ముదిరితే మెదడు వాస్తుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మందులున్నాయి గానీ, నమ్మదగిన వైద్యం ఒక్కటే, కిందికి దిగడం. సరిగ్గా ఆ ఘడియలోనే "ఇంత పెట్టుకుని ఇంతదూరం వచ్చామే" అనే మాట మనసులోకి వస్తుంది. ఎండుతెగులు పట్టిన శనగచేనుకు, ఇప్పటికే ఇంత పెట్టాం కదా అని ఇంకో మందు పిచికారీ కొట్టించే రైతుల్ని మా నల్లరేగడిలో ఏటా చూస్తుంటాను. చేనులో అయితే డబ్బే పోతుంది.

అందుకని ఇద్దరం బ్యాంకులో నెలకు ఏడు వేల చొప్పున రికరింగ్ డిపాజిట్ కట్టాం. ఏడాదిన్నరకు మనిషికి లక్షా ఇరవై ఆరు వేలు అసలు, పైన కొంచెం వడ్డీ. చీటీ కట్టొచ్చు కదా అని చాలామంది అడిగారు. రిజిస్టరైన చీటీ మీద నాకు అపనమ్మకం లేదు. కానీ మనకు కావలసిన నెలలో పాట మన చేతికి రావాలంటే తగ్గించి పాడాలి, ఆ తరుగులో చీటీ నడిపేవాళ్ల కమీషన్ కూడా ఉంటుంది. చట్టం దాన్ని 2021లో ఐదు శాతం నుంచి ఏడు శాతం దాకా పెంచుకోనిచ్చింది. పైగా ముందే ఎత్తుకున్న చీటీ అప్పుతో సమానం. తిరిగొచ్చాక కూడా నెలనెలా కడుతూనే ఉండాలి. మా ప్రయాణం బరువు బయలుదేరకముందే తీరిపోవాలన్నది మేం పెట్టుకున్న నియమం.

ఎక్కడ తగ్గించుకోవాలి, ఎక్కడ తగ్గించుకోకూడదు అని కాగితం మీద రాసుకున్నాం. బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి, హిమాలయాల్లో అది మంచి కాలమే. మా దగ్గర రోజులకు కొదవ లేదు, రూపాయలకే ఉంది. విమానం మానేసి గోరఖ్‌పూర్ దాకా రైల్లో, సోనౌలి దగ్గర సరిహద్దు దాటి ఖాట్మండుకు బస్సులో పోవడానికి నిర్ణయించాం. మనవాళ్లకు నేపాల్‌కు వీసా అక్కర్లేదు. మన రూపాయికి అక్కడ ఒక రూపాయి అరవై పైసలు, ఏళ్ల తరబడి మారని రేటు కాబట్టి లెక్క వేసుకోవడం తేలిక. సాగర్‌మాథా జాతీయ పార్కు ప్రవేశ రుసుము సార్క్ దేశాలవాళ్లకు 1,500 నేపాలీ రూపాయలు, పన్నుతో కలిపి మన డబ్బుల్లో వెయ్యీ అరవై దాకా అవుతుంది. లుక్లాకు చిన్న విమానాలున్నాయి. మబ్బు పడితే అవి ఎగరవు, ఎన్నాళ్లు ఆగిపోతామో చెప్పలేం. అందుకని సల్లేరి దాకా జీపులో పోయి అక్కడినుంచి నడిచాం. రోజులు ఎక్కువ పడతాయి, ఖర్చు తక్కువ, ఒంటికి ఎత్తు నిదానంగా అలవాటవుతుంది. స్లీపింగ్ బ్యాగు, ఈకలు కూరిన చలికోటు ఖాట్మండు థమేల్‌లో అద్దెకు దొరుకుతాయి, కొనలేదు. బూట్లు మాత్రం సొంతానివి, మంచివి కొన్నాం.

అలవాటు చేసుకోవడానికి పైసా ఖర్చు కాలేదు. వీపు సంచుల్లో శనగలు నింపుకుని అహోబిలంలో ఉగ్రస్తంభం దారి ఎక్కి దిగేవాళ్లం. పిల్లలు ఇది చూసి "పూర్ణక్క మాదిరి ఎవరెస్ట్ ఎక్కుతారా సార్?" అని అడిగేవారు. నిజామాబాద్ జిల్లా గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకముందే 2014 మే 25న ఆ శిఖరం మీద నిలబడింది. గురుకులంలోనే చదివిన ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటు ఎక్కాడు. భువనగిరి బండల మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ ఇప్పించి ప్రభుత్వమే ఆ బిడ్డల్ని పంపింది. ఈ దేశంలో ప్రజల సొమ్ముకు అంతకన్నా మంచి ఖర్చు నేను ఎక్కువ చూడలేదు.

బీమా దగ్గర మాత్రం బేరమాడలేదు. మా ఉద్యోగుల ఆరోగ్య పథకం దేశం దాటితే పనికిరాదు. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి ఎత్తు పరిమితి ఉంటుంది, కొండనడకను మినహాయించేవీ ఉన్నాయి. బేస్ క్యాంప్ ఎత్తులోనూ వర్తిస్తుందని, హెలికాప్టర్ ఖర్చు ఇస్తుందని కాగితంలో చదివాకే డబ్బు కట్టాం. నేపాల్‌లో అవసరం లేకున్నా హెలికాప్టర్లు పిలిపించి బీమా కంపెనీలకు బిల్లులు వేసిన మోసాలు 2018లో అక్కడి ప్రభుత్వ విచారణలోనే బయటపడ్డాయి. అప్పటినుంచీ కంపెనీలు గట్టిగా ఉన్నాయి. ముందుగా వాళ్లకు ఫోన్ చేయాలి. ఆ నంబరు ఇద్దరి జేబుల్లోనూ, మాతో వచ్చిన గైడు దగ్గరా రాసి పెట్టాం. ప్రాణం పోతే ఇంటికి చేర్చే ఖర్చు కూడా పాలసీలో ఉందా అని చూశాను. నెల్లూరు జిల్లా పర్వతారోహకుడు మల్లి మస్తాన్‌బాబు 2015లో ఆండీస్ కొండల్లో చనిపోతే ఆయన భౌతికకాయం సొంతూరు చేరడానికి వారాలు పట్టింది. ఈ మాట ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు, అయినా చెప్పాను.

దారిలో ఖర్చు ఎత్తుతోపాటు పెరుగుతుంది. రోడ్డు లేదు, ఉప్పు పొట్లం కూడా మనిషి వీపు మీదో, జడల బర్రె మీదో రావాలి. గది చవకగానే ఇస్తారు, భోజనం అక్కడే చేయాలి. వేడినీళ్లకూ, ఫోన్ ఛార్జింగుకూ వేరే డబ్బు. పైకి పోయేకొద్దీ దాల్‌భాత్ ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది గానీ, అన్నం, పప్పు అడిగినంత వడ్డిస్తారు కాబట్టి మాలాంటివాళ్లకు అదే గిట్టుబాటు. వీటన్నిటికీ పోగా ఒక్కొక్కరం ఇరవై వేలు వేరే కవరులో పెట్టుకున్నాం. ఆ కవరు మీద లెక్కల సారు "దిగడానికి" అని రాశాడు.

లోబుచేలో, 4,940 మీటర్ల దగ్గర, ఆయనకు రాత్రంతా తలనొప్పి. పొద్దున్నే వాంతి, అడుగు తడబడుతోంది. మరుసటి రోజుకు బేస్ క్యాంప్ అందే దూరం. గైడు ఒక్కడే. నన్ను ముందుకు పొమ్మని సారు బతిమాలాడు. నేను ఒప్పుకోలేదు. ముగ్గురం దిగి ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ నడిపే ఆసుపత్రికి పోయాం. డాక్టరు చూసి ఇంకా కిందికి దిగమన్నాడు. నామ్చే చేరేసరికి ఆయన మనిషయ్యాడు, దాల్‌భాత్ రెండోసారి పెట్టించుకున్నాడు.

ఆసుపత్రి ఫీజు, కింద ఎక్కువున్న రాత్రుల గది, భోజనాలు, గైడుకు ముందు మాట్లాడుకున్న మొత్తమూ, పైన బహుమానమూ, అన్నీ ఆ కవర్లలోంచే ఇచ్చాం. ఇంటికి వచ్చేసరికి రెండు కవర్లలో కలిపి పదకొండు వేల చిల్లర మిగిలింది. బ్యాంకులో కట్టాల్సిన వాయిదా లేదు, సేటు దగ్గర గాజుల్లేవు. బేస్ క్యాంప్ చూడకుండానే వచ్చారంటనే అని బావ అడిగితే, చూడలేదనే చెప్పాను. మిగిలిన డబ్బుతో కొత్త డిపాజిట్ తెరిచాం, ఈసారి నెలకు ఐదు వేలే. బూట్లు ఉన్నాయి కాబట్టి అంత చాలు.