జ్వరం తగ్గింది, మనిషి తేరుకోలేదు
2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు దేశంలో దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు లెక్కతేలాయి. అవి జ్వరాల లెక్కలు. జ్వరం పోయాక నెలల తరబడి పిడికిలి బిగించలేనివాళ్ల మాట అందులో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మార్కాపురం, కనిగిరి వైపు నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉంది, కీళ్లనొప్పులు మామూలేగా అంటారు. నిజమే, కాబట్టే విడదీసి చూడాలి. రోజంతా పలకల గనిలో పనిచేసిన మనిషి జ్వరం తర్వాత పూటకే చతికిలబడితే, ఆ తేడా రక్తపరీక్ష కన్నా అతనికే బాగా తెలుసు.

రోగి మాట సాక్ష్యమవుతుందా? ఇలాగే వీడని నీరసం ఉండే దీర్ఘకాలిక అలసట జబ్బు (సీఎఫ్‌ఎస్) సంగతి చూడండి. బ్రిటన్‌లో దాని చికిత్సల మీద జరిగిన 2011 నాటి పేస్ ట్రయల్ అనే అధ్యయనం వ్యాయామం పెంచుకుంటూ పోతే మేలంది. ఒంటికి పడట్లేదని రోగులు మొత్తుకున్నారు. 2021లో అక్కడి వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ ఆ సలహా తీసేసింది. (పదేళ్లు పట్టింది లెండి.) మార్కాపురం వైపే ఉన్న గిద్దలూరులోనైనా టానిక్ రాసేముందు ‘పనిచేసిన మర్నాడు ఎలా ఉంటోంది?’ అని అడగడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.