తెల్లగుఱ్ఱపుకొండకు మా పాతబండి

ఆంగ్లదేశమున ఆక్సుఫర్డు పట్టణమునకు నైఋతిగా 20 మైళ్లకు కొంచెము పైబడిన దూరమున అఫింగ్టన్ అను పల్లె కలదు. ఆ పల్లెకు మీదుగా లేచిన పచ్చికకొండ పార్శ్వమున 110 మీటర్ల పొడవుగల తెల్లగుఱ్ఱమొకటి పరుగెత్తుచున్నట్లు తీర్పబడియున్నది. మా యింటినుండి అచ్చటికి ఒక గంట ప్రయాణము. ఆ గంట ప్రయాణమునకు మాకు రెండేండ్లు పట్టినది. అది యెట్లో సోదరీమణులకు మనవి చేసికొనుచున్నాము.

మావారు ఆక్సుఫర్డులో నొక పాఠశాలయందు గణితము చెప్పుదురు. కాకినాడనుండి మా అత్తగారు వచ్చి మాయొద్ద ఆఱునెలలుండిరి. ఒకనాడు పిల్లల పుస్తకములో నీ గుఱ్ఱము పటము చూచి, "ఇది ఉచ్చైశ్శ్రవమే కదే అమ్మాయీ! నన్నొకసారి అక్కడికి తీసికొనిపొండి" అనిరి. తప్పక పోవుదమని మాట యిచ్చితిమి.

అప్పటికే మావారు ఒక పాతబండిని కొనియుండిరి. దానిపేరు మోరిస్ మైనర్ ట్రావెలర్. 1953 మొదలు 1971 వఱకు తయారైన బండ్లలో మాది 1967వ సంవత్సరపుది. మా మామగారు కాకినాడలో నడిపిన అంబాసిడరు కారునకు మూలము మోరిస్ ఆక్సుఫర్డు అను బండి. కనుక ఇదియు ఆ వంశములోనిదేయని మావారి మురిపెము. దీని ముందుభాగము ఉక్కురేకు. వెనుకభాగము మాత్రము యాష్ అను చెట్టు కలపతో కట్టిన చట్రము; ఆ చట్రమునడుమ రేకులు బిగించి, వెనుక ఇంటిగుమ్మమునకువలె రెండు తలుపులమర్చిరి. ఈ కఱ్ఱ అలంకారమునకు పెట్టినది కాదు. ఇంటికి దూలములును స్తంభములును ఎట్టివో బండికిది యట్టిది. కఱ్ఱ చివికినచో బండియే నిలువదు.

మరమ్మతు చేయువాడు వచ్చి, మెఱయుచున్న ఆ కఱ్ఱమీద మరచీల విప్పు సాధనపు మొనతో నొక్కి చూచెను. మొన వ్రేలెడు లోపలికి దిగిపోయెను. కిటికీల అద్దములు జరుగు గాడిలో వాననీరు నిలిచి, క్రిందికి దిగి, యేండ్లతరబడి కలపను తినివేసినది. అమ్మినవారు ఆ గుంటలను పుట్టీతో పూడ్చి పైన వార్నీషు పూసియుండిరి. ఎడమవైపు అడుగుపట్టీయు వెనుకస్తంభమును పూర్తిగా పోయినవని తేలెను.

మేము విచారముతో నుండగా అత్తగారు, "కద్రువయు వినతయు పందెము వేసికొని, గుఱ్ఱమును మఱునాడు చూతమనుకొనిరి. ఆ రాత్రిలోనే పాములు తోకను చుట్టుకొని నల్లజేసినవి. చూడవలసినదానిని అప్పుడే దగ్గఱకు పోయి చూడవలెను. రేపన్నచోట మోసము దూరును" అనిరి. ఆ మాట మేము బండికే అన్వయించుకొంటిమి. మఱియొకదానికిని అన్వయించునని అప్పుడు తోచలేదు.

జీర్ణోద్ధరణము మొదలయ్యెను. చివికినంతవఱకు కోసివేసి గట్టికఱ్ఱ కనబడువఱకు పోవలెను. దయదలచి కొంత విడిచినచో క్రొత్తకఱ్ఱకును ఆ చీడ అంటును. కఱ్ఱ యూడదీయగా దానిక్రింది ఉక్కు త్రుప్పుపట్టి జల్లెడవలె నుండెను. దానిని కోసి క్రొత్తరేకు అతికించువఱకు కఱ్ఱపని ఆగవలసివచ్చెను. సంక్రాంతికి కాకినాడ పోవుటకై కూడబెట్టిన సొమ్ము ఆ యతుకుపనికి సరిపోయెను. కఱ్ఱకు గరుకుకాగితము పెట్టి నునుపు చేయుటయు, చెడకుండ మందు పట్టించుటయు, వార్నీషు పూతమీద పూత వేయుటయు మేమును పిల్లలును చేసితిమి. పూతకును పూతకును నడుమ ఆఱనీయవలెను. ఈ దేశపు తేమలో అది యెంత యాలస్యమో చెప్పనలవి కాదు.

అత్తగారు వారమువారమును అడుగుచుండిరి. "వచ్చేనెలలో బండి సిద్ధమగును, అందులోనే పోవుదము" అని మేము చెప్పుచుంటిమి. ఆఱునెలలు నిండెను. ఆమె ప్రయాణమైన నాటికి బండి ఇటుకలపై నిలిచి, వెనుకభాగము లేక మొండెమువలె నుండెను. ఒక్కపూటకు అద్దెకారు మాటాడుకొనియుండినచో ఆమె గుఱ్ఱమును చూచియుండును. బండిమీది మోజుచే రేపు రేపనుచు కద్రువ పని మేమే చేసితిమి. ఆమెకిప్పుడు 78 ఏండ్లు. దూరప్రయాణము కూడదని వైద్యులు చెప్పినారు.

పిమ్మట ఏడాదికి బండి లేచి నడచినది. మొదటివారముననే సందుమలుపులో తిరుగుచుండగా ముందరి కుడిచక్రము విఱిగిన కాలివలె ప్రక్కకు వాలిపోయెను. మెల్లగా పోవుచుండుటచే నెవరికిని దెబ్బ తగులలేదు. చక్రమును పట్టియుంచు క్రిందికీలు ఒక మరలో తిరుగుచుండును. ఆ మరకు క్రమముగా గ్రీజు పెట్టనిచో అరిగి, పట్టు విడుచును. కఱ్ఱను సింగారించు సంబరములో ఆ కీలును పరీక్షింపకుంటిమి. 40 ఏండ్లు దాటిన బండ్లకు ఏటేట పరీక్ష అక్కఱలేదని 2018లో నిబంధన వచ్చినది. అయినను ఆ దినము తరువాత మేము కోరి పరీక్ష చేయించి, పిల్లలకు గ్రీజు పెట్టు పని నేర్పితిమి.

వేసవి సెలవులలో నొక ఉదయము పులిహోర పొట్లములతో బయలుదేరి, ఫారింగ్డన్ ఊరిమీదుగా పోయి, కొండక్రింద బండి నిలిపి యెక్కితిమి. 261 మీటర్ల యెత్తుగల ఆ కొండ ఆక్సుఫర్డుషైరు మండలమున కెల్ల నెత్తైనది. క్రింద మ్యాంజర్ అను లోయ కలదు. పేరునకు పశువులకు మేతవేయు తొట్టియని యర్థము. రాత్రులయందు గుఱ్ఱము దిగివచ్చి యందు మేయునని అచ్చటివారి కథ. గుఱ్ఱము చెంత నిలిచినచో నొక కాలో చెవియో తప్ప రూపము తెలియదు, దూరమునుండి చూడవలె.

ఆ రూపము కొండమీద నున్న సుద్దఱాయి కాదట. పచ్చికను చీల్చి కాలువలు త్రవ్వి, దంచిన సుద్దతో నింపిరి. అందలి మన్ను కడపట సూర్యరశ్మిని చూచిన కాలమును 1990 తరువాత శాస్త్రజ్ఞులు లెక్కించి, క్రీ.పూ. 1380కిని 550కిని నడుమ నిది యేర్పడెనని చెప్పిరి. శత్రువిమానములకు గుఱుతు కాకుండుటకై రెండవ ప్రపంచయుద్ధకాలమున దీనిని కప్పివేసి, తరువాత మరల తెఱచిరి. కొన్నియేండ్లు విడిచిపెట్టినచో పచ్చిక ప్రాకి గుఱ్ఱము మాయమగును. అందుచే ఊరివారు తరతరములుగా కలుపు తీసి, క్రొత్తసుద్ద దంచుచున్నారు. ఆ కాలపు రాజెవడో, భాష యేదో యెవరికిని తెలియదు. మరమ్మతు మాత్రము నిలిచినది.

మేము పోయిననాడు ఆ పనియే జరుగుచుండెను. మాకును సుత్తులిచ్చి తోకవద్ద చోటు చూపిరి. మోకాళ్లపై కూర్చుండి పిల్లలతో కూడ రెండుగంటలు దంచితిమి. మా చీర, మావారి తలవెండ్రుకలు ముగ్గుపిండి చల్లినట్లయ్యెను.

సాయంకాలము దిగివచ్చి బండి వెనుకతలుపులు తెఱచి కూర్చుండి, కాకినాడకు టెలిఫోను చేసితిమి. అక్కడ రాత్రి ప్రొద్దుపోయినను ఆమె మేలుకొనియుండిరి. ఆమెను తీసికొనిరానందుకు క్షమింపుమని యడుగబోవు లోపలనే, "తోక తెల్లగానే ఉన్నదటే?" అనిరి.

"తెల్లగానే ఉన్నది, అత్తయ్యగారూ. దగ్గఱకు పోయి చూచినాము" అంటిమి.